ఆకుపచ్చ పొగ

బాంబు వేసేది నేను, పేరు వాడిది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదన్నమాట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర మెడికల్ షాపు మీద ఉన్న కంప్యూటర్ సెంటర్‌లో, నేనూ నా స్నేహితుడూ ఏడాదిపాటు ఒకే మెషిన్ ముందు రెండు స్టూళ్ళు వేసుకుని యుద్ధవిమానం నడిపాం. డిగ్రీ చదువుతున్నామని ఇళ్ళలో అనుకునేవాళ్ళు. అదీ చదువుతూనే ఉన్నాం, పరీక్షల ముందు.

మిగతావాళ్ళు ఆకాశంలో విమానాలను కూల్చే ఆట ఆడేవాళ్ళు. మాకు నేల మీది లక్ష్యాలంటేనే మోజు. ఆకాశంలో శత్రువు తెల్లగోడ మీద ఈగలాగా ఇట్టే దొరికిపోతాడు. నేల మీద అలా కాదు. మట్టిరంగు నేలలో మట్టిరంగు ట్యాంకు, చెట్ల కింద వలలు కప్పిన ఆకుపచ్చ లారీలు. పైనుంచి చూస్తే తెర మీద నాలుగు చుక్కలంత ఉంటాయి. ఒక్కో లారీ పక్కన దాని పేరు కనబడేలా పెట్టుకునే వీలు ఆటలో ఉంది. అది ఆపేసి ఆడాలన్నది మా సెంటర్ కట్టుబాటు. పేర్లు పెట్టుకుని ఆడేవాణ్ణి సెంటర్ యజమాని వదిలేవాడు కాదు. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. "అమ్మ చెయ్యి పట్టుకొని ఇస్కూల్‌కు వచ్చినవా ఏంది?" అని అందరి ముందూ అడిగేవాడు.

అందుకే ఇద్దరం కలిసి ఆడేవాళ్ళం. జాయ్‌స్టిక్ నా చేతిలో ఉండేది. వాడి ఒళ్ళో మ్యాపు కాగితం, చేతి కింద కీబోర్డు. చూపు తిప్పడం, వెతకడం, ఎక్కడుందో చెప్పడం వాడి పని. మ్యాపులో పైన ఉత్తరం కాబట్టి మాకు అది పత్తర్‌గట్టి. కుడివైపు కంచన్‌బాగ్, ఎడమవైపు ఫలక్‌నుమా, కింద బార్కస్. ఏ దేశంలో యుద్ధం జరిగినా మా దిక్కులు ఇవే.

"పత్తర్‌గట్టి దిక్కు సూడు. మూడు చెట్లున్నయ్ గదా, నడిమిది చెట్టు గాదు," అనేవాడు. నాకు చెట్టే కనబడేది. వాడు చెప్పినచోట బాంబు వేస్తే ట్యాంకు మండేది. వెనక నిలబడి చూసేవాళ్ళు వాడి భుజం తట్టేవాళ్ళు. నిటారుగా కిందికి దూకి, తూటాల మధ్యలోంచి పోయి, గజం తేడా లేకుండా వేసి వచ్చిన నన్ను ఒక్కడూ తట్టలేదు. "కండ్లంటే ఇవీ, గద్దకు గూడ ఉండయ్," అని భాయ్ అన్న రోజున నాకు అన్నం సహించలేదు. నా కడుపుమంట అలాంటిది.

మా నాన్నా వాళ్ళ నాన్నా ఒకే ఫ్యాక్టరీలో, ఒకే షెడ్డులో పనిచేశారు. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి ఫోర్‌మన్ అయ్యాడు. వాళ్ళ నాన్న క్రేన్ ఆపరేటర్. పైన చిన్న గదిలో కూర్చుని, కరిగిన లోహం నిండిన బకెట్‌ని మనుషుల తలల మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చే పని. ఆ వానాకాలం ఆయన కామెర్లతో పోయాడు. సర్వీసులో ఉండగా పోయిన మనిషి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వడం అక్కడి రివాజు. కొడుక్కి తండ్రి సీటే ఇస్తామన్నారు. ఉద్యోగం వస్తే తల్లీ కొడుకూ క్వార్టర్‌లో ఉంటారు. రాకపోతే ఖాళీ చేయాలి. మధ్యలో మిగిలింది ఫ్యాక్టరీ డాక్టరు పరీక్ష ఒక్కటే.

అలాంటి రోజుల్లో ఒక ఆటలో పొగలు వచ్చాయి. శత్రువు ఫిరంగులున్న చోట ఎర్ర పొగ లేస్తుంది, మన సైనికులు తామున్నచోట ఆకుపచ్చ పొగ వదులుతారు. వాడు తడబడ్డాడు. "ఆ పొగ కాడ," అన్నాడు. ఏ పొగ అంటే, "కుడిపక్కది," అన్నాడు. ఎర్రదా పచ్చదా అంటే మాట మార్చాడు. వలల కింది లారీని పసిగట్టే కన్ను ఇంత లావు పొగ దగ్గర తడబడుతోందంటే నాకు వెంటనే వెలిగింది. వాడు నేల మీది వస్తువుల్ని రంగుతో చూడడం లేదు. ఆకారంతో, నీడతో చూస్తున్నాడు. అందుకే ఆకుల రంగు వల మమ్మల్ని మోసం చేసింది గానీ వాణ్ణి చేయలేకపోయింది.

మంచివాడైతే అక్కడ ఊరుకుంటాడు. ఆటలో సొంత యుద్ధాలు తయారుచేసుకునే చోటొకటి ఉండేది. నేను ఒంటరిగా కూర్చుని ఒక ఉత్త మైదానం చేసి, అందులో ఎర్ర పొగలూ ఆకుపచ్చ పొగలూ కలిపి వరసగా నిలబెట్టాను. మర్నాడు ప్రాక్టీసని చెప్పి వాడి ముందు పెట్టాను. ఎర్రది చూపించమన్నాను. చూపించాడు. తప్పు. ఇంకోటి చూపించాడు. తప్పు. మూడోది గుడ్డిగా తగిలింది. వాడు వరస గుర్తు పెట్టుకుంటున్నాడని తెలిసి, మర్నాటికి వరస మార్చాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాలుగు రోజులు అలా ఆడించాను. వాడి చెవులు ఎర్రబడడం చూస్తూ కూర్చున్నాను. నాకు చాలా సంతోషంగా ఉండేది.

అయిదో రోజు వాడు కీబోర్డు పక్కకు నెట్టి, నన్ను మెట్ల మీదికి తీసుకుపోయాడు.

"ఎర్ర, పచ్చ నాకు ఒక్కతీరుగనే కానొస్తయ్ రా. సిన్నప్పటిసంది అంతే. బాపుకు ఒక్కనికే తెల్సు. ఇప్పుడు నీకు తెల్సింది."

డాక్టరు దగ్గర రంగు చుక్కల పుస్తకం ఉంటుందని, అందులో నంబర్లు చదవాలని వాడికి తెలుసు. కోఠీలో ఎక్కడో ఆ పుస్తకం రంగు జిరాక్సు సంపాదించాడు. ఏ పేజీలో ఏ నంబరుందో నేను చూసి చెబితే బట్టీ కొడతానన్నాడు.

"హెల్పర్ పోస్టు అడుగు. దానికి కళ్ళ పరీక్ష లేదు కదా," అన్నాను.

"అమ్మ నన్ను బాపు సీట్లనే సూడాల్నంటుంది. ఏం జెప్పాలె?"

సరేనన్నాను. రోజూ వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళి నంబర్లు చెప్పాను. మొదటి పేజీ పన్నెండు, రెండో పేజీ ఎనిమిది, అలాగ. వాడు కళ్ళు మూసుకుని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాడు. వాళ్ళమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "నువ్వు గూసుంటెనే మావోడు సదువుతున్నడు బిడ్డా," అనేది. ఆ చాయ్ నేను తాగాను.

తర్వాత నెలలో భాయ్ పోటీ పెట్టాడు. పత్తర్‌గట్టిలో ఇంకో సెంటర్ కుర్రాళ్ళు కూడా వచ్చారు. మా ఇద్దరికీ వచ్చిన యుద్ధంలో మళ్ళీ పొగలే. వాడు నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు: రంగు నువ్వు చూసుకో అని. నేను తెరకేసే చూస్తూ, "ఎక్కడ వెయ్యాలో చెప్పు," అన్నాను, అందరికీ వినబడేలా. వాడు తెర దగ్గరికి వంగి, "కంచన్‌బాగ్ దిక్కుది," అన్నాడు. ఆ పొగ ఆకుపచ్చది. నాకు శుభ్రంగా కనబడుతోంది. కిందికి దూకి, మన సైనికుల మీదే బాంబులన్నీ వేశాను. వాడి పేరు నలుగురిలో చెడాలని, చూస్తూ చూస్తూ వేశాను.

జనం గొల్లున నవ్వారు. "నీకు ఎర్ర పచ్చ కానొస్తలేవా ఏంది రా?" అని భాయ్ వాణ్ణి ఆట పట్టించాడు. ఊరికే అన్న మాటే. వాడు లేచి, "తప్పు నాదే, ఆనిదేం లేదు," అన్నాడు. అక్కడితో అయిపోతే నా పని నెరవేరేది. కానీ పత్తర్‌గట్టి కుర్రాడొకడు నన్ను చూసి, "ఆడు చెప్తే చెప్పిండు, నీ కండ్లు యాడ బోయినయ్?" అన్నాడు. అందరూ ఆ మాటే అందుకున్నారు. ఆ సాయంత్రమంతా వాళ్ళు నవ్వింది నన్ను చూసి.

మండిపోతూ ఇంటికి వచ్చాను. అన్నం తింటూ మా నాన్నకు పోటీ సంగతి చెప్పాను. నా తప్పేం లేదని చెప్పాలి కదా. వాడికి రంగులు తెలియవనీ, పుస్తకం బట్టీ కొడుతున్నాడనీ నవ్వుతూ చెప్పాను. నాన్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"ఎవరి సంగతిరా నువ్వు చెప్పేది? మన క్రేన్ ఆయన కొడుకేనా?"

"అవును నాన్నా."

"సిగ్నలు లైటు ఎర్రదో పచ్చదో తెలియనివాణ్ణి అక్కడ కూర్చోబెడితే కింద ఎంతమంది చస్తారో తెలుసా నీకు?"

ఆయన మాటలో తప్పు లేదు. తర్వాత కొన్నాళ్ళు నేనూ ఆ మాటనే అడ్డం పెట్టుకున్నాను, మనుషుల ప్రాణాలు కాపాడానని. అబద్ధం. చెప్పేటప్పుడు నాకు ఏ ప్రాణాలూ గుర్తు లేవు. నన్ను చూసి నవ్వారన్నది ఒక్కటే గుర్తుంది.

పరీక్ష రోజు డాక్టరు పుస్తకాన్ని వెనకనుంచి తెరిచాడట. ఆఖరి పేజీలో నంబరు ఉండదు, వంకర టింకర గీత ఉంటుంది, దాన్ని వేలితో దిద్దాలి. వాడు "పన్నెండు," అన్నాడట. ఆ తర్వాత పేజీకి "ఎనిమిది," అన్నాడట. డాక్టరు ఆపకుండా, చివరిదాకా చెప్పనిచ్చాడట. ఈ ముక్క మా నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ చెప్పాడు. లోపం దాచి మోసం చేయబోయాడని ఫైలులో రాశారు. దాంతో క్రేన్ సీటుతోపాటు హెల్పర్ పోస్టూ పోయింది. నిజం చెప్పి అడిగి ఉంటే వచ్చేదే. క్వార్టర్ ఖాళీ చేయమని కాగితం వచ్చింది.

భాయ్‌కి సంగతి తెలిసి నన్ను పిలిచాడు. "నీ దోస్తుకు చెప్పు. పొద్దుగాల సెంటర్ చూస్కోమను, జీతం ఇస్త. పైన రూము ఖాళీగనే ఉంది, అమ్మను తోల్కొని రమ్మను. నేను చెప్తే సిగ్గుపడ్తడు, నువ్వు చెప్పు."

ఆ మాట మోసుకుని బయల్దేరాను. నిజంగానే చెబుదామని వెళ్ళాను. వాడు క్వార్టర్ గేటు దగ్గరే ఎదురయ్యాడు. మనిషి సగమయ్యాడు.

"డాక్టరుకు ముందే తెల్సు రా. ఎవరు జెప్పిండ్రు?"

వాడి రహస్యం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. అడుగుతున్నాడే గానీ, నన్ను అనుమానించడం లేదు. అది చూసి ధైర్యం వచ్చింది.

"భాయ్ అనుంటాడు. ఆ రోజు పోటీలో అనలా, ఎర్ర పచ్చ కానొస్తలేవా అని? ఫ్యాక్టరీవాళ్ళు ఎంతమంది వస్తారక్కడికి," అన్నాను.

తడిగుడ్డతో గొంతు కోయడం అంత తేలికని అప్పుడే తెలిసింది. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు గాదని నాకెర్కనే," అన్నాడు. అంతే, నడుచుకుంటూ చౌరస్తా వైపు వెళ్ళిపోయాడు. భాయ్ చెప్పమన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. పరిగెత్తి చెప్పొచ్చు. చెబితే ఇద్దరూ మాట్లాడుకుంటారు, నా బండారం బయటపడుతుంది. ఇంటికి వెళ్ళిపోయాను.

వాడు సెంటర్‌లో అందరి ముందూ భాయ్ కాలర్ పట్టుకున్నాడట. తిట్టరాని తిట్లు తిట్టాడట. భాయ్ చెయ్యెత్తలేదట. రెండు వారాలకు ఒక డీసీఎం వ్యానులో సామాను ఎక్కించారు. నేనూ ఒక చెయ్యి వేశాను. మంచం కోళ్ళు పట్టుకుని నేనే లోపలికి నెట్టాను. వాళ్ళమ్మ నన్ను చూసి ఏడ్చింది. ఎక్కడికి పోతున్నారని అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం సెంటర్‌కు వెళ్ళాను. భాయ్ కౌంటర్ దగ్గర ఒక్కడే ఉన్నాడు.

"నేను చెప్పమన్నది చెప్పినవా వానికి?"

"చెప్పాను భాయ్."

"రూము సంగతి గూడ?"

"అదీ చెప్పాను."

"మరేమన్నడు?"

"నీ బిచ్చం వద్దన్నాడు," అన్నాను.