ఎవరి ముక్క వాళ్ళది

మా మేనమామ వాళ్ళ ఊళ్ళో నా నవలను కత్తిపీట మీద పెట్టి కోశారు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే కోశారు. ఆ కోత నా కళ్ళతో నేను చూసి ఉంటే అక్కడే గొడవ పెట్టుకునేదాన్ని. నేను వెళ్ళేసరికి పని పూర్తయిపోయింది.

నేను గజపతినగరం దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆదివారాలూ వేసవి సెలవులూ ధారపోసి మూడేళ్ళలో ఒక నవల రాశాను. మిలట్రీ కథ, అందులో బోలెడు సైన్సు, అడుగున ఒక పురాతన రహస్యం. ఒక కొండ, కొండ మీద శిథిలమైన బౌద్ధ స్తూపం, స్తూపం కింద మనుషులు పుట్టకముందే ఎవరో కట్టిన రాతి గది, ఆ గదిలో ఇప్పటికీ తిరుగుతున్న ఒక యంత్రం. దాన్ని ఎత్తుకుపోవడానికి శత్రువులు వస్తారు. కాపలాకు మన దళం నలభై మంది వెళతారు. చివర్లో దళాన్ని నడిపించే హవల్దారు తనవాళ్ళందరినీ బయటకు పంపేసి, తాను లోపలే ఉండి రాతి తలుపు మూసేసి, సొరంగం పేల్చేసి, అక్కడే ప్రాణం వదులుతాడు. ఆ అధ్యాయం రాస్తూ ఏడ్చాను. ఏడిపించగలిగే రచయిత్రిని అయ్యానని ఆ వెంటనే గర్వపడ్డాను కూడా.

విజయనగరంలో ఆవిష్కరణ సభ పెట్టాం. మొదటి వక్త స్తూపాల చరిత్ర గురించి చక్కగా మాట్లాడాడు, నవల ఊసు ఎత్తలేదు. రెండో ఆయన ఒక ఆడకూతురు మిలట్రీ నవల రాయడమే గొప్ప విషయం అన్నాడు. పళ్ళు బిగించి నవ్వాను. ఆ తర్వాత ఫోనుకి "సూపర్ మేడమ్" అని పూలగుత్తుల బొమ్మలు వచ్చిపడ్డాయి. పంపినవాళ్ళలో సగం మంది పుస్తకం తెరిచి ఉండరని నాకు తెలుసు. నాకు కావలసింది ఒక్క మనిషి మాట. ఆయన మా మావయ్య.

ఎందుకంటే నవల్లో హవల్దారు మావయ్యే. ఆ నడక ఆయనదే, తువ్వాలును నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకోవడం ఆయనదే, ఎదుటివాణ్ణి ముందు ఆటపట్టించి తర్వాత పని చెప్పడం కూడా ఆయనదే. ఇరవై నాలుగేళ్ళు మిలట్రీ ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. వంతెనలు వేశాడు, కొండలు పేల్చాడు, సొరంగాలు తవ్వాడు. కానీ ఆయన నోట వినిపించే కథలు రెండే రెండు. కంచరగాడిద తన మంకీ క్యాప్ తినేసిన కథ ఒకటి, పెద్ద ఆఫీసరు కాలు జారి పప్పు గుండిగలో కూర్చున్న కథ రెండోది. ఇంకేమైనా అడిగితే "ఏటుంటాది, డూటీ" అని లేచిపోతాడు. కాబట్టి మిగతాదంతా నేను కల్పించాను.

వాళ్ళ ఊరు బొబ్బిలి రోడ్డు మీంచి లోపలికి వెళ్ళాలి. ఇంటికొక మిలట్రీ మనిషి ఉన్న ఊరు. నా నవలకు ఇంతకంటే సరైన పాఠకులు ఎక్కడ దొరుకుతారని ఒక ప్రతి తీసుకెళ్ళి మావయ్య చేతిలో పెట్టాను. అట్ట మీద నా పేరు తడిమి చూసి, తలకి ఆనించుకుని, అటక మీద పెట్టాడు. నెలయినా కబురు లేదు. ఉండబట్టలేక ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను.

అరుగు మీద మావయ్యా, ఆయన స్నేహితులు ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఒకాయన మిలట్రీలో వంట చేసేవాడు, ఇప్పుడు ఊళ్ళో టిఫిను బండి ఉంది. ఒకాయన అక్కడ ట్రక్కు నడిపి, ఇప్పుడు సాలూరు లారీ మీద ఒడిశా వెళ్ళొస్తుంటాడు. మూడో ఆయన వైర్లెస్సు మనిషి. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో పల్చని పుస్తకం, గోనె దారంతో కుట్టి, న్యూస్‌పేపరు అట్ట వేసి ఉంది. అట్టల మీద పెన్నుతో "వంట", "బండి", "వైర్లెస్సు", "పేలుడు" అని రాసి ఉంది. వంటాయన పేజీ తిప్పుతుంటే అచ్చు చూసి గుర్తుపట్టాను. నా పుస్తకమే.

"ఇదేటి మావా?" అన్నాను, గొంతు కీచుమంటుంటే.

మావయ్య బదులు వంటాయన చెప్పాడు. "కోప్పడకు పాపా. ఒక్క పుస్తకం, నలుగురం. ఒకడయ్యాక ఒకడు సదివితే దసరా ఎల్లిపోద్ది. అందుకే ఎవడి పని వాడికి పంచేసినాం. మిలట్రీలో అంతే కదా, వంటోడికి ఫిరంగి సంగతి ఎందుకు?"

మూడేళ్ళ కష్టాన్ని కూరగాయల్లా తరిగి పంచుకున్న ఆ పెద్దమనుషుల ముఖాల్లో ఇసుమంత తప్పు చేసిన భావం లేదు. పైగా నా కోసమే ఎదురుచూస్తున్నారు. అభిప్రాయాలు చెప్పాలట. వరసగా కూర్చుని, గొంతులు సవరించుకుని మొదలుపెట్టారు.

"నలబై మందికి పూటకి ఆరు కేజీల బియ్యం ఏసినావు," అన్నాడు వంటాయన. "పదికి తగ్గితే నా మీద తిరగబడతారు. నీ కతలో వాళ్ళు శత్రువుల సేతిలో సావరు, ఆకలికే పోతారు. మనసు పాడైపోనాది నాకు." ఆయన దృష్టిలో నా నవల ఆకలి మీద రాసిన విషాదగాథ.

లారీ ఆయనకు వేరే బాధ. "లోడు బండిని ఘాటీలో మూడో గేరు మీద ఎక్కించినావు. నాను రోజూ ఎక్కుతన్నాను గదా, రెండో గేరే మూలుగుతాది. సరే పోనీ. ఆ డ్రైవరు మంచోడు, వాడే ఈరో అనుకున్నాను. ఆరో అద్దాయంలో బండి దిగి ఎల్లిపోనాడు, మళ్ళీ కనబళ్ళేదు. వాడికి పెళ్ళైందా, నేదా?"

ఆ డ్రైవరుకి నేను పేరు కూడా పెట్టలేదు. పెళ్ళి గురించి ఆలోచిస్తానని మాట ఇచ్చాను.

వైర్లెస్సు ఆయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. "రేడియో మూగబోయింది అని రాసినావు. అక్కడితో నా ముక్క అయిపోనాది. వాళ్ళు బతికినారో నేదో తెలక వారం రోజులు అన్నం సయించలేదు తల్లీ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. "మరి రాతి గదీ, యంత్రమూ, ఆ రహస్యమూ ఎలా ఉన్నాయి?" అని అడిగాను. ఆ అధ్యాయాలు ఎవరి పనిలోకీ రాలేదట. మిగిలిపోయిన ముక్కను అత్తకు ఇచ్చేశారట. నవలకు ప్రాణం అనుకున్నది వీళ్ళకు కోత పోగా మిగిలిన తొక్క!

ఇక మిగిలింది మావయ్య. చివరి అధ్యాయాలు, సొరంగమూ పేలుడూ ఆయన ముక్కలో ఉన్నాయి. "నీకెలా ఉంది మావా?" అన్నాను. "బాగానే ఉన్నాది," అన్నాడు గేదె వైపు చూస్తూ. అంతే. దాని కోసమా నెల రోజులు నేను గోళ్ళు కొరుక్కున్నది! చిర్రెత్తుకొచ్చి లోపలికి పోయాను.

అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని చేటలో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. పక్కనే నా నవల మిగులు ముక్క, పసుపు వేలిముద్రలతో. అత్త అయిదో తరగతి చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మిగతా ముక్కలు కూడా వదల్లేదు. అరుగు మీద టీ తాగాలంటే తన ముక్క పైకి చదివి వినిపించాలని ఆ ముగ్గురికీ షరతు పెట్టింది. అలా ముందువి వెనకా వెనకవి ముందూ వింటూ, తనే కథను అతుక్కుంటూ వచ్చింది. ఊరు మొత్తంలో నా నవలంతా తెలిసిన పాఠకురాలు మా అత్త ఒక్కతే. మొత్తం అంటే, చివరి ముక్క తప్ప. అది మావయ్య చదివి వినిపించలేదు, ఇవ్వనూ లేదు.

"నీకెందుకత్తా ఇంత పట్టుదల?" అన్నాను.

అత్త చెరగడం ఆపలేదు. "మీ మావ ఇరవై నాలుగేళ్ళు అక్కడున్నాడు. ఏడాదికోపాలి వచ్చీవోడు, ఎల్లిపోయీవోడు. ఏటి సేసినాడో, ఎలగున్నాడో ఒక్క ముక్క సెప్పలేదు నాతోటి. నీ పుస్తకంలో ఉన్నాడంటే ఇన్నాను."

సిగ్గేసింది. "అత్తా, అదంతా నేను కల్పించినదే. మావ నాకూ ఏమీ చెప్పలేదు."

"తెలుసులే గుంటా. ఆ మాత్రం తెల్దేటి?" అంది. "కల్పించినదైనా ఇంటే కొంచెం దగ్గరగుంటాదని. ఇంతకీ ఆడు సివరికి ఏటయ్యాడు?"

అబద్ధం చెప్పలేక నిజం చెప్పాను. తలుపు మూసుకుని లోపలే చనిపోతాడన్నాను.

అత్త చేట కింద పెట్టింది. "ఎలగ సస్తాడే? పొగ ఎల్లినాది కదా!"

ఏ పొగ అన్నాను. అప్పుడు చెప్పింది, నెమ్మదిగా, నేను పిల్లలకు పాఠం చెప్పినట్టు. వంట ముక్కలో పొయ్యి పొగను రాతి గది సొరంగం లోపలికి లాగేసుకుందని రాశానట. వైర్లెస్సు ముక్కలో కొండకి అవతల పక్క కాపలావాడు రాళ్ళ సందుల్లోంచి పొగ వస్తోందని కబురు చేశాడు. తన ముక్కలో రాతి గదిలో చల్లటి గాలి ముఖానికి తగిలిందని ఉంది. "యంత్రం తిరుగుతుంటే గది వేడెక్కిపోవాల. సల్లగున్నాదంటే గాలి ఎటో ఎల్తన్నాది. పొగ ఎల్లిన కాడికి మడిసి పాక్కుంటూ ఎల్లలేడా? సైన్సు సెప్తావు, ఇది తెల్దా?"

నాకు తెలియలేదు. పొగ శత్రువులకు అనుమానం రావడానికి రాశాను, గాలి గది వింతగా ఉండడానికి రాశాను. రెండింటినీ కలిపి చూడలేదు. నవలంటే ఏమిటో, అందులో మరణానికి ఉండే ప్రయోజనం ఏమిటో అత్తకు వివరించబోయాను. రెండు వాక్యాలు కూడా పూర్తి కాలేదు, నాకే నవ్వొచ్చింది. సభలో పెద్దలకు కనబడని దారి చోళ్ళు చెరుగుతూ ఈవిడ కనిపెట్టింది. అరుగు మీదికి పరిగెత్తుకెళ్ళి నాలుగు ముక్కలూ లాక్కొచ్చి, అత్త ముక్క పక్కన పెట్టి చూశాను. అత్త చెప్పిన ప్రతి వాక్యమూ ఉంది. ఎంత సంతోషం వేసిందంటే, నా తప్పు పట్టుకున్నందుకు అత్తను కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాను. "ఛీ పో" అని తుడుచుకుంది.

రెండో ముద్రణకు ముగింపు మార్చాను. వారం రోజులు స్కూలు నుంచి రాగానే అదే పని. పేలుడు అయ్యాక హవల్దారు చీకట్లో గాలి వచ్చే వైపు పాకుతూ అవతలి వాలు మీద ఎండలోకి వచ్చి పడతాడు. మరుసటి ఆదివారం ఆ కాగితాలు ప్రింటు తీయించి తీసుకెళ్ళాను. పెళ్ళి సంగతి కూడా ఒక వాక్యంలో తేల్చేశాను, లారీ ఆయన చేయి ఎత్తి దండం పెట్టాడు. బియ్యం పది కేజీలకు పెంచాను.

కాగితాలు అత్తకు ఇవ్వబోతే తీసుకోలేదు. "పేలుడు ముక్క మీ మావది. ఆయనే సదవాల," అంది. స్నేహితులు ముగ్గురూ "సదువు బావా" అని వెంటపడ్డారు. మావయ్య నా వైపు కోపంగా చూశాడు, తప్పించుకునే దారి లేదని తెలిసి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

మొదట గొణుగుతున్నట్టు చదివాడు. రెండో కాగితానికి గొంతు కుదిరింది. ఒకచోట ఆగి, "మోచేతుల మీద పాకితే చొక్కా ముందు సిరిగిపోద్ది, అది రాయలేదు నువ్వు," అన్నాడు. ఆ 'బాగానే ఉన్నాది' కాక, ఆయన నా నవల గురించి అన్న మొదటి మాట అది. రాసుకున్నాను. మళ్ళీ చదవసాగాడు. హవల్దారు బయటపడ్డాడు, ఎండ ముఖాన కొట్టింది, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను రాసింది అక్కడితో అయిపోయింది.

మావయ్య చదవడం ఆపలేదు.

"వాడికి సెవులు వినబడటం నేదు," అంటున్నాడు, కళ్ళు కాగితం మీదే ఉంచి. "పదకొండు రోజులు వినబళ్ళేదు. ఆసుపత్రిలో పక్కమంచం వోడు పెదవులు కదుపుతుంటే వీడు నవ్వీవోడు, ఏటన్నాడో తెలక. పన్నెండో రోజు కొంచెం వినబడింది. బయట ఎవరో బాల్చీ పడేసినారు, ఆ సప్పుడు. దానికే ఏడిసినాడు. అప్పుడు ఇంటికి ఉత్తరం రాసినాడు. అంతా కులాసా అని రాసినాడు."

ఆ వాక్యాలు నేను రాయలేదు. స్నేహితులకు కూడా అర్థమైంది, లారీ ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. మావయ్య చేతిలో ఉన్నది ఆఖరి కాగితం. దాన్ని తిప్పాడు. వెనకవైపు తెల్లగా ఉంది.

అత్త ఆయన పక్కకు జరిగి, ఆ తెల్ల కాగితాన్ని తను కూడా ఒక అంచున పట్టుకుంది.

"ఆ ఉత్తరం నాకు అందినాది," అంది. "తర్వాతది సదువు."