టోపీ సారు ద్వీపమైన రోజు

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, భూగోళం మీద నాకు తెలియని సంగతి లేదని నాకు గట్టి నమ్మకం. పెనుకొండలో టీచరు ట్రైనింగు చదువుతున్నాను. బడిపిల్లలకు ఆఖరి పాఠం బాగా చెబితే పాసు, లేకపోతే ధర్మవరంలో మా ఇంటి మగ్గం. "ఈ తూరి తప్పితే చదువు చాలు, వచ్చి మగ్గం కాడ కూర్చో" అని నాయన ముందే తేల్చేశాడు. నాకేమో టీచరు కావాలని ప్రాణం కొట్టుకుంటోంది. తోటివాళ్లందరూ గోడకు పటాలు తగిలించి పాఠం చెబుతుంటే, నేను మాత్రం పిల్లల్ని కొండ మీది చిన్న చెరువు దగ్గరికే తీసుకెళ్లి ద్వీపం, ద్వీపకల్పం కళ్లకు కట్టిస్తానని బడాయికి పోయాను. ఒకసారి వానల తర్వాత ఆ చెరువును చూశాను మరి. మూడు వైపులా బండలు, నాలుగో వైపు పాతకాలపు రాతికట్ట, దాని పక్కన నీళ్లు పొర్లిపోయే మరవ, నట్టనడుమ ఏనుగు వీపులాంటి గుండు. అంత చక్కటి ద్వీపం మా పుస్తకంలో కూడా లేదు.

మా సీమలో చెరువు అనిపించుకోవడానికి నీళ్లు ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఎండినా అది చెరువే, దాని గట్టు మీది నుంచే దోవ చెబుతాం. ఈ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్నే అయినా, ఆ రోజు దిగి వస్తున్న మేకల కాపరిని "చెరువుకు దోవ ఇదేనా?" అని అడిగానే గాని, నీళ్ల మాట అడగలేదు. వెనకాల పిల్లలు, వాళ్ల వెనకాల ఆయాసపడుతూ మార్కులు వేసే సారు. ఆయన ఎప్పుడూ టోపీ తీయడు కనుక అందరం టోపీ సారు అనేవాళ్లం (ఆయన వినకుండా). పైకి చేరి చూద్దును కదా, చుక్క నీరు లేదు. నెర్రెలిచ్చిన మన్నులో రెండు మేకలు తిరుగుతున్నాయి.

"ఏమ్మా, చెరువు యాడ?" అన్నాడు సారు.

"ఇదే సార్."

"నీళ్లు యాడ?"

సారు నడుచుకుంటూ పోయి నడిమి గుండు మీద కూర్చుని, టోపీ తీసి విసురుకోసాగాడు. (ఆ తల మేం చూడడం అదే మొదలు. "గుండు మీద గుండు" అని వెనక ఎవరో గొణిగారు.) ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడే ఏ దేవుడు పలికించాడో గాని, "పిల్లలూ, మీరే నీళ్లు! చేతులు పట్టుకుని సారు చుట్టూ నిలబడండి" అన్నాను. నిమిషంలో చెరువు నిండింది. అలలు వచ్చాయి. ఒకడు చేపనవుతానని పేచీ కూడా పెట్టాడు. చుట్టూ నీళ్లుంటే ఏమంటారని అడిగితే, "ద్వీపం మేడమ్!" అని కొండంతా మోగింది.

చిక్కంతా సారు లేచినప్పుడు వచ్చింది. "జరగండప్పా, హిందూపురం బస్సుకు పోవల్ల."

"నీళ్లు సార్! మునిగిపోతారు!"

ఆయన కుడికి జరిగితే నీళ్లు కుడికి జరిగాయి, ఎడమకు జరిగితే ఎడమకు. పిల్లల్ని కసిరితే పాఠం పోతుంది, కసరకపోతే మార్కులు పోతాయి. సారు కాసేపు గడ్డం గోక్కుని, "సరేలేప్పా, కట్ట పక్క నీళ్లు తీసేయండి. ఇప్పుడు నేనేమి?" అన్నాడు.

"ద్వీపకల్పం సార్!" అంటూ దారి వదిలారు. నన్ను దాటిపోతూ, "ఎండిన చెరువులో బాగానే పారించినావు పోమ్మా" అన్నాడు. పాసయ్యాను. నాయన మగ్గం నాయనకే మిగిలింది.

చాలా ఏళ్ల తర్వాత, మంచి వానలు పడిన ఏడు, మా బడి పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పి మరిచిపోవడానికి దారంతా ఈ కథే చెప్పాను. పైన చెరువు నిండి మరవ పారుతోంది. నడిమి గుండు మాత్రం కనబడలేదు, పూర్తిగా మునిగిపోయింది. పిల్లలు కాసేపు నీళ్ల వంక చూసి, "మేడమ్, మీ సారు మునిగిపోయినాడా?" అన్నారు.

నవ్వుతూ కట్ట మీద కూలబడ్డాను. ఆ రోజు నీళ్లు లేవని ఏడవబోయిన ఆ పిల్ల ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. పిచ్చిది, ఆ రోజు చెరువు ఇలా నిండి ఉంటే ఈపాటికి మగ్గం కాడ ఉండేది.