పాప పేరు గడి

ఎనిమిదో తరగతి పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చి బడి మానేసినవాణ్ణి నేను. కాబట్టి మా పాప పాస్‌పోర్టు దరఖాస్తులో ఒక గడి ఖాళీగా మిగిలిందంటే అది నా పనే అయ్యుండాలి.

పాప మస్కట్‌లో పుట్టింది. నా భార్య అక్కడ నర్సు, నేను ఇక్కడ వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేస్తాను. మూడు నెలలైనా పాపను ఫోన్‌లో తప్ప చూడలేదు. పెళ్లి సర్టిఫికెట్‌కనీ, నోటరీ ముద్రకనీ ఎన్నిసార్లు తిరిగానంటే, వేలూరు బస్సు కండక్టరే "ఈరోజు ఏం కాగితమప్పా?" అని అడిగేవాడు. అన్నీ పంపాక భార్య ఫోన్ చేసింది.

"బర్త్ సర్టిఫికెట్లో బిడ్డ పేరు లేదు కదా, పాస్‌పోర్టు ఇయ్యరంట."

పేరు రాయించొద్దన్నది నేనే. మా ఇళ్లలో బిడ్డ పేరు మొదట కులదేవత గుడిలో, చెవిలో చెప్పాలి. పేరు లేనిదే పాప రాలేదు, పాప రానిదే పేరు లేదు.

ఆ సాయంత్రమే అమ్మను గుడికి తీసుకెళ్లి ఫోన్ కలిపాను. అక్కడ భార్య ఫోన్‌ను పాప చెవి దగ్గర పెట్టింది. అమ్మ మూడుసార్లు పేరు చెప్పింది.

తిరిగొస్తుంటే మనసు ఊరుకోక అడిగాను. "ఫోన్‌లో చెప్తే చెల్లుతాదామ్మా?"

"మూడు నెలలుగా నువ్వు నాయనవైంది ఫోన్‌లోనే కదప్పా," అంది అమ్మ. "అది చెల్లినప్పుడు ఇది చెల్లదా?"