మాడిన వెదురు వాసన

నా మొగుణ్ని చూసి నేనే కుళ్ళుకున్నాను. చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా నాయన వెదురు విళ్లు చేస్తాడు. అహోబిలం స్వామి వేటకని ఊరూరా తిరిగే పారువేట ఉత్సవంలో పల్లకీ ముందు బాణం వేసేవాళ్లకు ఏటా ఒక విల్లు మా ఇంటి నుంచే పోతుంది. చిన్నప్పటి నుంచి ఆ పనికి బొగ్గులు రాజేసింది నేను. వెదురు బద్దను నిప్పుకు జానెడు ఎత్తున పట్టి, లోపలి వైపు మాత్రమే కాచాలి. అది శనక్కాయ పొట్టు రంగుకు తిరిగేదాకా తీపి వాసన వస్తుంది. ఆ తీపిలో చేదు కలిసిందా, వెంటనే తీసేయాలి. ఇది నాకెవరూ నేర్పలేదు, పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నాయన బద్ద మాత్రం ఒక్కసారీ నా చేతికివ్వలేదు. "నిప్పుకాడ ఆడపిల్లకేం పని" అనేవాడు. మూడు పూటలా పొయ్యి ముందు కూర్చున్నది ఎవరో మరి!

గోస్పాడు నుంచి ఇల్లరికం వచ్చిన మా ఆయనకు వెదురుకూ చెరుకుకూ తేడా తెలీదు. నెల తిరక్కముందే బద్ద ఆయన చేతిలో పడింది. "ఈడ పట్టుకో అప్పా, ఇట్ల తిప్పు" అని నాయన చెయ్యి పట్టుకుని నేర్పుతుంటే నేను టీ అందించాను. పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా! ఆ టీలో చక్కెర వేయలేదు. ఇద్దరూ గమనించలేదు.

పోయిన ఏడాది పారువేట విల్లును ఆయన్నే కాచమని, నాయన తాడు కోసం నంద్యాల పోయాడు. నేను పక్కనే శనక్కాయలు ఒలుస్తున్నాను. ఫోన్ మోగింది. ఆయన ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో బద్ద పట్టుకుని మాటల్లో పడ్డాడు. చేదు వాసన వచ్చింది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. నాయన ఆయన్ని ఒక్కసారైనా తిట్టాలని ఉండింది నాకు. పైపైన మాడిందనుకుని ఆయన నలుపు గీకేసి నూనె రాశాడు.

పారువేట రెండు రోజులుందనగా నాయన తాడు ఎక్కించి లాగాడు. విల్లు నడుమకు టప్పున విరిగింది. ఇంకొకటి కాచి ఆరబెట్టే వ్యవధి లేదు. ఆ ఏడు మా ఇంటి విల్లు పోలేదు.

"నా తప్పే మామా" అన్నాడు మా ఆయన, తల దించుకుని.

నాయన విరిగిన ముక్కను వాసన చూశాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు. నావైపు తిరిగాడు.

"ఆయప్పకు తెలీదు. నువ్వు ఈడనే ఉంటివి కదా పాపా. నీకు వాసన రాలేదా?"

ఈ పని నాకు తెలుసని నాయన నోట ఒక్కసారి వినాలని చిన్నప్పటి నుంచి కోరుకున్నాను. విన్నాను.