మా అమ్మాయి చదివిన ఐస్‌లాండ్ మాట

మా అమ్మాయి ఫార్మసీ మానేసి భాషాశాస్త్రంలో చేరిన రోజు నేను అన్నం తినలేదు. పంతం కాదు, భయం. ఈ పరదేశంలో మేముండే గంగాలిన్‌లో మా తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ప్లేటు చేతికి రాకముందే పిల్లల చదువుల గురించి అడుగుతారు. నేనూ అడిగేదాన్నే.

చివరి ఏడాది ఒకే ఒక్క ఐస్‌లాండ్ మాట మీద పరిశోధన పెట్టుకుంది. హెయిమ్‌స్కుర్. అంటే తెలివితక్కువవాడు. యూనివర్సిటీలో దాని గురించి ప్రసంగించే ముందు వంటింట్లో నాకు చెప్పి చూసుకుంది. ఆ మాటలో మొదట ఉన్నది ఇల్లట. ఇంగ్లీషు హోమ్, జర్మన్ హైమ్, స్వీడిష్ హెమ్ అన్నీ దానికి చుట్టాలే. ఇల్లు కదలనివాడికి లోకం తెలియదు కాబట్టి, పోనుపోను మూర్ఖుడనే అర్థం స్థిరపడిందట.

"అయితే నిన్ను పెంచుతూ ఐదేళ్ళు ఇంట్లో కూర్చున్న నేనూ అదేనా?" అన్నాను.

"అమ్మా, ప్లీజ్!" అని నవ్వింది. "ఫ్రైడే టాక్‌కి నువ్వు రావాలి."

వస్తానన్నాను. కానీ ఆ టాక్‌కి ముందు శనివారం స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర ఒక పెద్దావిడ అడగ్గానే, "స్పీచ్ థెరపీ చదువుతోందండీ" అనేశాను. ఒక్క మాట కోసం ఏడాది చదువంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను.

ఆ మాటకు ఆవిడ చెమర్చిన కళ్ళు తుడుచుకుని, మూడేళ్ళ మనవరాలిని చంకనేసుకుని నేరుగా మా అమ్మాయి దగ్గరకు వెళ్ళింది. "దీనికింకా మాటలు రాలేదమ్మా. నువ్వు చదివేది అదేనటగా, మీ అమ్మ చెప్పింది. ఒక్కసారి చూడవూ?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను పెరుగు గిన్నె సర్దుతున్నట్టు నటించాను.

"సారీ ఆంటీ, ఐ డోంట్ డూ దట్. నేను ఒక వర్డ్ మీద స్టడీ చేస్తున్నా." ఆవిడ మొహం వాడిపోయింది. మా అమ్మాయి పాప చెయ్యి పట్టుకుని, ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో కనుక్కుంటానంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ వారమంతా మా ఇద్దరి మధ్యా మాటలు పొడిపొడిగానే నడిచాయి. అయినా శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, చీర ఇస్త్రీ చేసుకుని, ఎన్నింటికి బయల్దేరాలని అడిగాను.

టోస్టు మీద వెన్న రాస్తూ తలెత్తకుండా, "ఇట్ వాజ్ ఎస్టర్‌డే, మమ్. డేట్ మార్చారు" అంది.

ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"ఆంటీ వచ్చారు, పాపని తీసుకుని. నేనే పిలిచా."