గుమ్మం మీది పటిక, డ్రమ్ములో పడిన కథ

మా అక్క పెళ్ళి సంబంధాన్ని ఒక్క పటిక గడ్డతో చెడగొట్టబోయిన ఘనుడు పత్తికొండ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. అప్పుడు కెమిస్ట్రీ డిగ్రీ చదువుతున్నాను. సగం చదివినవాడు ఎంత ప్రమాదమో మీకు కొత్తగా చెప్పాలా?

మర్నాడు మంత్రాలయం నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. అబ్బాయి ఫోటో చూసినప్పటి నుంచే అక్క పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతోంది. అంతగా నచ్చాడు. మా ఇంటికొచ్చిన ట్యాంకరు నీళ్ళేమో ఎర్రమట్టి కలిపినట్టున్నాయి.

"తుంగభద్ర నీళ్ళు తాగేటోళ్ళకు ఈ బురద ఎట్ల ఇస్తాం?" అని అమ్మ తల పట్టుకుంది.

"నాకు వదిలెయ్ మా" అన్నాను.

పటిక నీళ్ళలోని మట్టిని ముద్దకట్టించి అడుక్కి దించుతుందని మా సారు చెప్పారు. ఎంత వేయాలో కూడా చెప్పే ఉంటారు, ఆ పూట నేను క్యాంటీన్‌లో ఉన్నాను. మా అవ్వయితే చిన్న ముక్కను బిందెలో నాలుగు చుట్లు తిప్పి తీసేసేది. ఆ పిసినారితనం నాకు నచ్చేది కాదు. దిష్టి తగలకుండా నాయన గుమ్మం పైన కొత్తగా కట్టిన పటిక కొబ్బరికాయంత ఉంది. విప్పి డ్రమ్ములో వేసి, మరిచిపోయాను.

తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వచ్చేవాళ్ళ కోసమని చుక్క కూడా ఎవరినీ ముట్టనివ్వలేదు. అమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం వాళ్ళు వచ్చాక టీ పెట్టేదాకా నిలిచింది.

పాలు విరిగాయి. పక్కింటి షాహినక్క దగ్గర పాలు తెచ్చి మళ్ళీ పెడితే అవీ విరిగాయి. సంగతి పెళ్ళికొడుకు తల్లి చెవిన పడింది.

"రెండు తూర్లు పాలు ఇరిగినాయంటే ఆలోచించాల్ల. ఇంగో రోజు వస్తాంలేమ్మా" అని ఆమె చెప్పులు వెతుక్కోసాగింది.

నాయన గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. "ఈడ కట్టిన పటిక యాడ పోయిందే? అందుకే దిష్టి తగిలిండాది."

లోపల అక్క ఏడుపు వినబడుతోంది. నిజం చెబితే నాయన ఆ పూట చంపుతాడు, చెప్పకపోతే అక్క జీవితాంతం చంపుతుంది.

"దిష్టి కాదు నాయనా. పటిక డ్రమ్ములో ఉండాది" అన్నాను.

"అక్క కోసం అబద్ధమాడ్తాండాడు పాపం" అంది పెళ్ళికొడుకు తల్లి.

ఇక లాభం లేదని, షాహినక్క ఇంటి క్యాన్ నీళ్ళతో ఒక టీ, డ్రమ్ము నీళ్ళతో ఒక టీ అందరి ముందే పెట్టించాను. మొదటిది టీ అయింది, రెండోది పన్నీరైంది. పెళ్ళికొడుకు తండ్రికి అదీ చాలలేదు. డ్రమ్ము నీళ్ళు ఒక గుక్క తాగి, మూతి ముడుచుకున్నాడు.

"ఏమప్పా, నీళ్ళు తేట చేయమంటే గడ్డం గీసినాక పూసుకునే మందు చేసినావే" అని చివరికి నవ్వేశాడు. "పాలు మంచివే, పిల్లా శానా మంచిది. ఈయప్పతోనే చిక్కు." చెప్పులు వదిలేసి అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఆ పూటే తాంబూలాలు పుచ్చుకున్నారు.

పెళ్ళయ్యాక మొదటిసారి అక్క ఇంటికి వెళ్తే, గుమ్మం పైన పటిక నిచ్చెన వేస్తే తప్ప అందని ఎత్తులో వేలాడుతోంది.

"అంత పైన కట్టినావేంది బావా, దిష్టికా?"

"దిష్టిదేముందిలేప్పా, అది వచ్చినా పోతాది. నువ్వు వస్తాండావని తెలిసి కట్టినా" అన్నాడు బావ.

అందుకే, నీళ్ళున్నా లేకున్నా మా హంద్రీ నది సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకపై ఎవరింటి డ్రమ్ములోనూ చెయ్యి పెట్టను. టీ కూడా పాలు లేకుండానే తాగుతాను.