వాపు కొలిచిన నర్సమ్మ

పోయిన నెల ఒక పొద్దున నేను ఫ్యాక్టరీ బస్సుకు హడావిడి పడుతుంటే ఫోను మోగింది. నా చేతికి దోసెపిండి ఉండడంతో మా అత్తే తీసింది. అవతలి మాట విని, "యాడ? ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?" అని అడిగి అలాగే నేల మీద కూలబడింది. "మణవాళనగర్ నర్సమ్మ పోయిందంట మ్మే. నిద్దర్లోనే గుండె ఆగిపోయిందంట" అంది. పెనం మీద దోసె మాడిపోయింది. ఆ రోజు నేను పనికి వెళ్లలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. ఎవరింట్లోనైనా టీబీ బయటపడితే, ఆ ఇంట్లో మిగతావాళ్లకు అది సోకిందో లేదో చూసే నర్సు. రోజూ రైల్లో మా తిరుత్తణికి వచ్చేది. పొట్టి మనిషి. మనం నాలుగడుగులు వేసేలోపు ఆమె వీధి మలుపు తిరిగేది. టీబీ ఉన్న ఇల్లంటే పక్కింటివాళ్లు మంచినీళ్లకు కూడా జంకుతారు కదా, ఈమె ఆ ఇంటి గ్లాసులోనే కాఫీ అడిగి తాగేది. "గ్లాసులో ఏమీ లేదు, గాలిలో వుండాది. ముందు ఆ కిటికీ తెరండి" అనేది. ఎవరూ లేవకపోతే తానే లేచి తెరిచేది.

మూడేళ్ల కిందట మా మామకు టీబీ వచ్చింది. ఆయన మగ్గం పని చేసేవాడు, దగ్గును దూది దుమ్ము మీదకు నెట్టేసి నెలల తరబడి నానబెట్టాడు. అప్పటికి నా బిడ్డకు మూడు నెలలు. నర్సమ్మ వచ్చి మామను బయటి గదిలోకి మార్పించింది, బిడ్డకు ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టించింది, నాకూ అత్తకూ ముంజేతి చర్మంలో చిన్న సూది వేసింది. రెండు రోజులు దాటాక, మూడో రోజు ముగిసేలోపు వాపు కొలవాలంది. "గోకొద్దు, ఏమీ పూయొద్దు" అని రెండుసార్లు చెప్పింది.

మర్నాటికే నా చేతి మీద సూది వేసిన చోటు రేగిపండంత ఉబ్బింది. అది చూసి అత్త తీర్పు చెప్పేసింది. మామకు వచ్చిన జబ్బు నా దగ్గరి నుంచే వచ్చిందని, నా పాలు తాగితే బిడ్డ బతకదని. బిడ్డను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. డబ్బాపాలు కలిపి పోసింది. గోడకు అవతల బిడ్డ ఏడుపు వినిపిస్తే ఇవతల నా జాకెట్ పాలతో తడిసిపోయేది. మా ఆయన మాత్రం "అమ్మతో ఎవరు వాదిస్తారు" అని షిఫ్టుకు వెళ్లిపోయాడు. నాకు అత్త మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ఆమెను చంపేయాలన్నంత కోపం, దాచడం దేనికి.

చెప్పిన రోజున నర్సమ్మ వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే పాలసీసా చూసింది.

"చూడు నర్సమ్మా, దాని చేతిలో రోగం ఎట్ల పొంగిందో!" అని అత్త ఎదురొచ్చింది. "నాకేమీ లేదు. కావాలంటే చూడు." చాపిన చేతి మీద పసుపూ సున్నమూ కలిపిన పట్టు ఎర్రగా ఎండిపోయి ఉంది. బెణుకుకు వేసినట్టు సూది పోటుకు వేసేసింది!

నర్సమ్మ నవ్వలేదు. "కడుక్కోని రా అక్కా" అంది.

వాపు కొలవడానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు కళ్లు మూసుకుని వేలితో తడిమేది. తర్వాత బాల్‌పెన్నును చర్మం మీద ఆనించి వాపు వైపు మెల్లగా గీస్తూ వచ్చేది. లోపలి గట్టిదనం అంచు తగలగానే పెన్ను తనంతట తానే ఆగుతుంది. అవతలి వైపు నుంచి కూడా అలాగే. ఆ రెండు గీతల మధ్య స్కేలు పెట్టేది. "ఎరుపు చూసి బెదరొద్దు. గట్టిగా వుండేదే లెక్క" అనేది. నా చేయి కొలిచింది. అత్త చేయి కూడా కొలిచింది. రెండూ పుస్తకంలో రాసుకుని మూసేసింది, అత్త ఎంత అడిగినా చెప్పలేదు.

నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, ఒంట్లో క్రిమి ఉంటే ఈ సూదికి చేయి వాస్తుంది, చిన్నప్పుడు బీసీజీ టీకా వేసుకున్నా కొందరికి వాస్తుంది, ఒంటికి రెండూ ఒకలాగే గుర్తుంటాయి, అని చెప్పింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "నర్సమ్మా, ఇది టీకా వాపేనని అత్తతో ఒక్క మాట చెప్పు. నా బిడ్డను ఇచ్చేస్తుంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత చెప్పింది. "మా తమ్ముని చేయి కూడా ఇట్లనే వాచింది అమ్మణ్ణీ. చిన్నప్పుడు టీకా వేసినారు గదా, దాని వాపేలేరా, ఏం కాదు, సుమ్మా వుండు అని నేనే చెప్పినాను. నా నోటితోనే చెప్పినాను. రెండేండ్లకు రక్తం కక్కుకోని పోయినాడు. అప్పుట్నించి తెలీకుండా తెలుసని చెప్పేది మానేసినాను."

ఆ మధ్యాహ్నమే తనే వెంట ఉండి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. తిరిగి వచ్చి లోపలి గది తలుపు కొట్టింది. "అక్కా, తెరు. క్రిమి వుంటే వుండనీ, అది నిద్రపోతా వుండాది. నిద్రపోయే క్రిమి ఎవరికీ అంటదు. పాలల్లో అసలే రాదు. బిడ్డ వాళ్లమ్మ దగ్గరే వుండాల" అంది. అత్త గడియ తీసింది. నర్సమ్మ బిడ్డను ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టి, నాకూ అత్తకూ మధ్య వీపు అడ్డం పెట్టి కూర్చుంది. రెండు రోజుల తర్వాత బిడ్డ నోరు తగిలితే నేను పెద్దగా ఏడ్చేశాను. బిడ్డ కడుపు నిండేదాకా ఆమె కదల్లేదు, రెండు రైళ్లు పోగొట్టుకుంది.

తర్వాత మా ఇద్దరికీ రెండో చేతికి ఇంకో సూది వేసింది. అది కొత్తగా వచ్చిన సూదట, టీకాను పట్టించుకోదట, అసలు క్రిమి ఉంటేనే వాస్తుందట. కొలవాల్సిన రోజు సరిగ్గా, కొండ గుడికి జనం కావళ్లు మోసుకెళ్లే ఆడికృత్తిక పండగ అయింది. తిరుత్తణిలో ఆ రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, బస్సులు ఊరి బయటే ఆపేస్తారు. గడువు దాటితే వాపు లెక్కకు రాదని ఆమె కావళ్ల మధ్య, డప్పుల మధ్య నడుచుకుంటూ వచ్చింది. జుట్టు నిండా ఎవరి కావడి పూలో రాలి ఉన్నాయి. "ఈ పొద్దు నేను కూడా మొక్కు తీర్చినట్టే" అని నవ్వింది.

ఎవరి ఫలితం వాళ్ల చెవిలోనే చెప్పడం ఆమె అలవాటు. నా చెవిలో, "నీకు ఏమీ లేదు, అది టీకా వాపే" అంది. అంతే, నేను అత్త మీదకు లేవబోయాను. ఆ రెండు రోజుల కసి నోటి దాకా వచ్చింది. ఆమె నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీది నీకు చెప్పినాను. ఇంకొకరిది అడగొద్దు, తెలిసినా అనొద్దు. నాకోసరం."

అయినా క్రిమి ఉన్నది అత్తకేనని నాకు తెలిసిపోయింది. ఆ మర్నాటి నుంచి అత్త రోజూ పొద్దున పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర గోడ వైపు తిరిగి మాత్ర మింగేది. ఆరు నెలలు. ఆ వేళకు నేను కావాలనే వాకిట్లో ముగ్గు దగ్గర ఆలస్యం చేసేదాన్ని. అందుకు మెచ్చుకోవాల్సింది నన్ను కాదు, నా నాలుక మీద ఎన్నిసార్లు ఆ మాట ఆడిందో నాకు తెలుసు. ఒక పొద్దున మాత్రలు అయిపోయినట్టున్నాయి, అత్త నా తలకు నూనె పెట్టింది. మామ కూడా కోలుకున్నాడు.

అంత్యక్రియలకు నేనూ అత్తా బిడ్డా మణవాళనగర్ వెళ్లాం. చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టె వెంట అందరూ కదిలారు. మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. చావింటి నుంచి వస్తే తలకు పోసుకోకుండా బిడ్డల్ని ముట్టుకోరు. నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగు బిగించుకుని పెట్టె వెనకే నడిచింది. గొయ్యి అంచున వంగి గుప్పెడు మట్టి తీసి వేసింది, మళ్లీ ఇంకో గుప్పెడు వేసింది.

తిరుగు రైలుకు తిరువళ్లూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక అత్త అంది. "నా మాత్రల సంగతి నీకు తెలుసు గదా?"

"తెలుసత్తా."

"మూడేండ్లు ఒక్క మాట అనలేదే!"

"నర్సమ్మ వద్దనింది."

అత్త పట్టాల వైపు తిరిగింది. "ఆ రెండు దినాలు బిడ్డను నీ దగ్గర్నించి పెరికినాను. తప్పు చేసినాను మ్మే" అంది.

రైలు వస్తుంటే నేను బిడ్డను ఎత్తుకుని లేచాను. రైల్లో సీటు దొరికింది. బిడ్డ నిద్రమత్తులో తూలుతూ నా మీద నుంచి అవ్వ ఒళ్లోకి పాకింది. అత్త అరచేతులు చూసుకుంది. గోళ్లలో, చేతి గీతల్లో ఇంకా తడి మట్టి ఉంది. నా వైపు చూసింది. నేను బిడ్డ కాళ్లు కూడా ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాను. తిరుత్తణి వచ్చేదాకా ఆ మట్టి చేయి బిడ్డ తెల్లగౌను మీదే, వీపు నిమురుతూ ఉంది.